ఆ మూలన ఆయన కుర్చీ

మన ఆదివారం చదువరుల గ్రూపులో మంగళవారం నాడు నా మనుమరాలు పెట్టిన మెసేజీ మీరందరూ చదివే ఉంటరు. "మన సర్దార్ కాకా ఇక లేరు. నిద్రలోనే ప్రశాంతంగా కన్నుమూసిండు. ఆదివారం పొద్దున పదింటికి మన లైబ్రరీ గదిలోనే సంతాప సభ. ఆయన కుర్చీలో ఆయన ఫోటో పెడుతం. పిల్లలను కూడా తీసుకరండ్రి." దాని కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు.

ఆ నాలుగు ముక్కల్లో రెండు తప్పులున్నయి. నలభై ఏండ్లు పిల్లల కాపీలు దిద్దిన చెయ్యి నాది, సొంత మనుమరాలి రాతైనా ఊకోదు.

మొదటి తప్పు. ఆయన నిద్రలో పోలే. మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు, ఇంటి ముందర అరుగు మీద, మంచి మెలకువతోని, గ్లాసులో చాయ సగం తాగి సగం మిగిల్చి పోయిండు. డాక్టరు గుండె అన్నడు. ప్రశాంతం అన్నది ఇంకా పెద్ద తప్పు. ఆయన బతికినన్నాళ్ళు ఒక్క పూట ప్రశాంతంగా ఉండలే, పోయే పూట ఉంటడా? పోయే ముందు భార్యతోని అన్న మాట: "ఇయ్యాల పోయి అక్కను అడుగుత, నా కట్టె ఇయ్యమని."

ఆ అక్కను నేనే. ఆ కట్టె మా ఇంట్లనే ఉన్నది.

రెండో తప్పు, సభ. ఆ గదిలో సభ జరగదు. గదికి తాళం వేసిన. తాళంచెవి నా కొంగున ఉన్నది. ఆ గది పైకప్పు కూలేటట్టున్నది. ఈ సంగతి కనిపెట్టింది నేను కాదు, ఆయన. మూడు ఆదివారాలు మనకు చెప్పిండు. మనం నవ్వినం. అందరికంటే ముందు నేను నవ్విన. అందుకే ఈ నాలుగు కాగితాలు రాస్తున్న. ఆయనను తలుచుకునేటందుకు ఒకటి, మిమ్మల్ని ఆ గడప తొక్కనీయకుండ ఆపేటందుకు ఒకటి. రెండు పనులూ ఒక్కటే అని రాసుకుంట పోతే మీకే తెలుస్తది.

కొత్తగా చేరినోళ్ళ కోసం కొంచెం వెనుకకు పోత. ఆయన ముప్పై ఏండ్లు బొగ్గుబాయిలో పనిచేసిండు, అందులో సగం కంటే ఎక్కువ సర్దారుగ. సర్దారంటే తలపాగా, కత్తి అనుకునేరు. బాయి సర్దారు పని వేరు. కూలీలు లోపలికి దిగకముందే తాను దిగి, వాళ్ళు పనిచేసే జాగల పైన ఉన్న బండను కట్టెతోని కొట్టి, సప్పుడు విని, "ఈడ చెయ్యొచ్చు, ఈడ వద్దు" అని చెప్పాలె. గట్టి బండ ఖణేలుమంటది. లోపల పొర విడిపోయిన బండ పగిలిన కుండలెక్క పలుకుతది. ఆ రెంటి నడుమ తేడా పట్టే చెవికే ఆయనకు జీతం.

కట్టె నాలుగడుగుల పొడుగు, కొసకు ఇత్తడి పొన్ను. పని విరమించిన రోజు శాలువా కప్పి గోడ గడియారం ఇస్తే, ఆ రెండూ అల్లునికి ఇచ్చేసి కట్టె మాత్రం చంకన పెట్టుకొని ఇంటికొచ్చిండు. ఆనాటి నుంచి ఏ ఇంట్ల అడుగుపెట్టినా ముందు పైకి చూసుడు, తర్వాత కొట్టుడు, ఆ తర్వాతనే రామ్ రామ్. పెండ్లి మంటపాల కొట్టిండు, బ్యాంకుల కొట్టిండు, పంటి డాక్టరు దగ్గర నోరు తెరవకముందు కొట్టిండు. మా వంటింట్ల తొలిసారి కొట్టినప్పుడు నేను అడిగిన.

"పైన ఎవలన్న ఉన్నరా తమ్మీ, తలుపు తీస్తరా?"

"ఎవలు పలుకకుంటెనే మంచిది అక్కా," అన్నడు.

మా పరిచయం పెద్దపల్లి నుంచి మంథని పోయే బస్సులో. నా ఒళ్ళో లావుపాటి పుస్తకం, అట్ట మీద నిప్పులు కక్కే రెక్కల పాము. అరవై దాటిన పంతులమ్మ చేతిలో అది ఎవలన్న చూస్తే బాగుండదని పైన దినపత్రిక చుట్టిన. పక్క సీటాయన మెడ వంచి వంచి చూస్తున్నడు. నాకు కోపం వచ్చింది. తీరా ఆయన సంచిలోంచి తీసింది ఏంది? అదే కథ, రెండో భాగం.

"మీది మూడో భాగమా అమ్మా? ముసలి రాజు సస్తడా?"

"ఇప్పుడే చెప్తే మీరు చదివేటందుకు ఏం మిగులుతది?"

"చెప్పకుంటే మంథని దాకా నాకు ఊపిరాడది."

చెప్పిన. రాజు చస్తడని. ఆయన కిటికీ బయటికి తిరిగి గోదావరి ఒడ్డు వరిపొలాలు చూసుకుంట కూసున్నడు. బస్సు దిగేటప్పుడు అన్నడు: "ఆ రాజుకు కోట కింద సొరంగం తవ్వుతున్నరని రెండో పేజీలనే చెప్పిన్రు. వినలే." ఆయన పుస్తకాలు చదివే తీరు అది. ఎవలు గెలిచిన్రు, ఎవల పెండ్లయింది అన్న ఫికర్ లేదు. ఎవలు ముందుగాల చెప్పిన్రు, ఎవలు వినలే, అదే లెక్క.

ఆ బస్సు నుంచే మన ఆదివారాలు మొదలైనయి. ముందు ఇద్దరం. తర్వాత మంథని దిక్కు ఆటో నడిపే తమ్ముడు కలిసిండు. స్టాండుల ప్యాసింజర్లు ఎక్కి కూసున్నా "ఈ పేజీ అయిపోనీయండ్రి" అనే మనిషి. మందుల దుకాణంల పనిచేసే నా మనుమరాలు కామిక్సుల సంచితోని వచ్చింది. తర్వాత మీరందరు, మీ పిల్లలు. ఎరువుల వ్యాపారం మానేసి కరీంనగర్ల ఉంటున్న పెద్దాయన తన పాత గోదాము మనకు ఉత్తగనే ఇచ్చిండు. ఒకప్పుడు దాంట్ల యూరియా, పశువుల ఉప్పు బస్తాలు పెట్టేటోళ్ళు. ఒక తలుపు, చెయ్యి పట్టేటంత కిటికీ, పైన స్లాబు.

తొలిరోజు మేము అలమరలు ఎక్కడ పెట్టాలె అని కొట్లాడుతుంటే ఆయన ఒక్కడు గది నాలుగు మూలలు కొట్టుకుంట తిరిగిండు. చివరకు అన్నడు:

"ఇప్పటికైతే మంచిగనే ఉన్నది. కానీ ఇరవై ఏండ్లు ఉప్పు తిన్న ఇనుము. జర కనిపెట్టుకొని ఉండాలె. ఇంకోటి, దీనికి రెండో దారి లేదు."

"ఇది లైబ్రరీ తమ్మీ, లంక కాదు," అన్న. అందరు నవ్విన్రు. ఆ గదిలో నా మొదటి చమత్కారం అదే. ఇప్పుడు తలుచుకుంటే నాలుక చేదైతది.

రెండో దారంటే ఆయనకు పిచ్చి. బాయికి ఎప్పుడూ రెండు దారులుండాలె, ఒకటి మూసుకపోతే ఇంకోటి. ఆ లెక్కనే పాతాళ లోకాలకు కూడ పెట్టేటోడు. ఆటో తమ్ముడు పదకొండు భాగాల మాంత్రిక సీరియల్ ఒకటి నెత్తిన పెట్టుకొని తిరిగేటోడు గదా, వాళ్ళిద్దరి కొట్లాట ఎండకాలమంత నడిచింది.

"కాకా, ఆ మాంత్రికుడు ఏడు గుహల లోపల ఏడో గుహల కూసున్నడు. చుట్టూ నిప్పుల గుండం. జబర్దస్త్ సీన్!"

"గాలి ఎట్లొస్తది?"

"ఏం గాలి?"

"ఏడు గుహల అవతల నిప్పు మండుతుంటే మనిషి పీల్చేటందుకు గాలి. ఎక్కడికెళ్ళి వస్తది?"

"మంత్రంతోని వస్తది!"

"మంత్రంతోని గాలి తెప్పించేటోడు భైంసా బజార్ల కూలర్ల దుకాణం పెట్టుకోక గుహల ఎందుకు చెమటలు కక్కుతుండు?"

"టీచరమ్మా, మీరన్న చెప్పుండ్రి. ఈ కాకాతోని పరేషాన్ అయితుంది."

నేను ఎవల దిక్కూ మాట్లాడకపోయేది. న్యాయం చెప్తే కొట్లాట ఆగిపోతది, ఆగిపోతే పకోడీలు తినుడు తప్ప పనేముంటది?

మాయమయ్యే దుప్పటి దొరికితే ఏం చేస్తరు అని ఒక ఆదివారం అందరినీ అడిగినం. ఆటో తమ్ముడు ట్రాఫిక్ పోలీసు ముందరికెళ్ళే దాటిపోతానన్నడు. నా మనుమరాలు ఉద్దెర అడిగే కస్టమర్ల నుంచి కాదు, మందు పేరు మరిచిపోయి "ఆ తెల్ల గోలీ ఇయ్యి" అనేటోళ్ళ నుంచి దాక్కుంటానన్నది. మూడు వరాలు ఇస్తే ఏం కోరుకుంటరు అని ఇంకో ఆదివారం. ఆయన వంతు వచ్చేసరికి, "నాకొద్దు" అన్నడు. "వరం ఇచ్చేటోడు లోపలికి పోయే దారే చూపెడుతడు. బయటికొచ్చే దారి అడిగి చూడు, గడ్డం గోక్కుంటడు."

నా మనుమరాలికి ఆయనకు వేరే యుద్ధం. కామిక్సుల వీరుడు కూలుతున్న కొండను రెండు చేతుల మీద ఆపే పేజీ ఒకటి ఆమెకు ప్రాణం.

"బిడ్డా, ఆ బండ ఎంత బరువుంటదో ఎరుకేనా?"

"ఆయనకు మహాశక్తులున్నయి కాకా."

"ఉండనీ. ఆయనకు శక్తి ఉన్నదని బండకు ఎరుకుండదు గదా?" అని, కండ్లద్దాలు పైకి జరిపి, బొమ్మల గడుల మీద వేలు పెట్టి చూపించిండు. "ఇగో, ఈ గడికి ముందు ఇంకో గడి ఉండాలె. బండ దబ్బున పడది. ముందుగాల నూక రాలుతది, ఇసుకలెక్క. తర్వాత చిన్న రాళ్ళు. ఆ తర్వాతనే తాను. బండ మోసం చెయ్యది, చెప్పే పడుతది. ఈ బొమ్మ గీసినోడు బాయి దిగలే."

మా పిల్ల ఆ రోజు మూతి ముడుచుకున్నది గని, తర్వాత మందుల అట్టల వెనుక తాను గీసే బొమ్మల కథల్లో ఏ కొండ కూలినా, ఏ కోట పడినా, ముందు గడిలో సన్నటి చుక్కలు పెట్టుడు మొదలుపెట్టింది. అడిగితే "ఏదో, బొమ్మ నిండుగ ఉంటదని" అన్నది. నేను అడుగుడు మానేసిన. గురువును ఒప్పుకునుడు మా ఇంటి ఆడోళ్ళకు ఆలస్యంగ వస్తది.

ఆయన ఒక్క సంగతి ఒక్కసారే చెప్పిండు. ముసురు పట్టిన ఆదివారం, ముగ్గురమే వచ్చినం. బాయిల ఆయనకో జోడీదారు ఉండె. ఒకనాడు పైన కొట్టి చూస్తే డొల్ల. అందరినీ బయటికి పిలిచిండు, అందరు వచ్చిన్రు. జోడీదారు కూడ వచ్చిండు. వచ్చి, "అరే, నా అన్నం డబ్బా మరిచిన, కొత్తది, ఇంటిది తిడుతది" అని నవ్వి మళ్ళ లోపలికి పోయిండు.

"నా పక్కకెళ్ళే పోయిండు అక్కా. చెయ్యి పట్టుకుంటే ఆగేటోడు. నాకంటే పెద్దోడు. నలుగుర్ల చెయ్యి పట్టి గుంజితే బాగుండదని..."

తర్వాత ఏమైందో చెప్పలే. మేం అడగలే. గ్లాసు కింద పెట్టి అన్నడు: "మర్యాద కోసం ఎంతమంది పోతరో, ఏ పుస్తకంల రాయరు."

ఇగ నా సంగతి. ఈ వానకాలం, బడి పిల్లలు పన్నెండు మంది తొలిసారి వచ్చిన ఆదివారం గుర్తున్నదా? భూమి అడుగున మునిగిన నగరం కథ నేను పైకి చదువుతున్న. గొంతు తగ్గించి, పిల్లల కండ్లు పెద్దవైతుంటే చూసుకుంట, మంచి పట్టు మీద ఉన్న. సరిగ్గ అప్పుడే తలల మీద టక్, టక్. పెచ్చు ఊడి నా మనుమరాలి కొత్త కామిక్సు మీద, నా చాయలో, ఒక పిల్లవాని నెత్తిన పడ్డది. పిల్లలు కిలకిలా నవ్విన్రు. నా మునిగిన నగరం నిజంగనే మునిగింది.

"సర్దారూ, నువ్వు రిటైరై పదేండ్లయింది. ఇంకెవలు ఇస్తరు నీకు జీతం? పైకప్పును కూడ రిటైర్ కానీ."

గది దద్దరిల్లేటట్టు నవ్విన్రు. ఆయన కూడ నవ్విండు. నాలుక పదునున్నోళ్ళకు ఒక రోగం ఉంటది: నలుగురు నవ్వితే తమ మాట నిజమనుకుంటరు.

ఆ రోజు పోయేటప్పుడు, గ్లాసులు కడిగేటందుకు ఆయన కట్టె గోడకు ఆనించిండు. నేను దాన్ని గొడుగుతోని కలిపి చుట్టి ఇంటికి తెచ్చి బియ్యం డ్రమ్ము వెనుక పెట్టిన. ఎవలు చూడలే అంటే అబద్ధం. మనుమరాలు చూసింది, నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వింది. ఒక వారం పీడ ఇరగడైతదని నా ఉద్దేశం. ఒక వారం.

తర్వాతి ఆదివారం ఆయన అడిగిండు. "టీచరక్కా, నా కట్టె చూసినవా?"

"మాంత్రికుడు ఎత్తుకపోయిండేమో. ఆటో తమ్ముణ్ణి అడుగు, ఏ గుహలో ఉంటదో ఆయనకు తెలుసు."

మళ్ళ నవ్వులు. ఆయన స్టూలెక్కి వేలి కణుపులతోని తలుపు దగ్గర కొట్టి చూసిండు. "చేతికి వినబడ్తలేదు," అని దిగిండు. రెండో ఆదివారం చీపురు కట్ట వెదురుది తెచ్చిండు. అది గట్టి జాగల కూడ డొల్లగనే పలికింది. పిల్లలు దాన్ని మంత్రదండం అన్నరు. మూడో ఆదివారం, పోయిన ఆదివారం, నా దగ్గరికొచ్చి చిన్నగ చెప్పిండు.

"అక్కా, ఆ మూల మంచిగ లేదు. తేమ దిగింది. పిల్లలను కొన్నాళ్ళు బయట కూసోబెడుదాం."

"బయట వాన, లోపల నువ్వు. ఏది ఎక్కువ కష్టమో పిల్లలనే అడుగుదాం."

"కాకా, ఇది ఎన్నో భాగంల చదివినవ్?" అన్నడు ఆటో తమ్ముడు.

ఇక్కడ మన తప్పు ఏందో చెప్తా, కోపం చేసుకోకుండ్రి. ఇది మామూలు మనుషులు చేసే తప్పు కాదు, మనలాంటోళ్ళు చేసేదే. మనం చదివే ప్రతి కథలో ఒక ముసలాయన ఉంటడు. "ఆ దారిన పోకుండ్రి బిడ్డా" అంటడు. ఎవలు వినరు. వింటే కథ రెండో పేజీలనే ఆగిపోతది గదా. అందుకని అటువంటి ముసలాయన మాట్లాడితే మనకు భయం కాదు, సంబురం కలుగుతది: ఇగ కథ మొదలైతదని. అటువంటి ముసలాయనను వెయ్యి పేజీలల్ల చూసినం. పక్కన కూసొని పకోడీ తింటుంటే పోల్చుకోలే.

ఆ ఆదివారం ఆయన చాపలు తెచ్చి తలుపు దిక్కు పరిచిండు. "ఇటు గాలి వస్తది, ఇటు కూసోండ్రి," అని పిల్లలను పిలిచిండు. పేముతోని అల్లిన తన బేతు కుర్చీ రెండు చేతులతోని ఎత్తుకపోయి ఆ మూలన వేసుకొని కూసున్నడు. ఒక చిన్న పిల్ల బొమ్మల పుస్తకం కోసం ఆ మూలకు పోతే, "నాకు చెప్పు, నేను తెచ్చిస్త" అని లేచిండు. ముసలితనం చాదస్తం అనుకున్నం. ఆ రోజు నేను ఇంటికి తెచ్చుకున్న పుస్తకం తెరిస్తే పేజీల నడుమ ఇసుక. పిల్లల బిస్కెట్ పొడి అనుకొని ఊదేసిన. నూక గురించి అంత విన్నదాన్ని, ఉఫ్ అని ఊదేసిన.

మంగళవారం ఆయన పోయిండు. బుధవారం, ఇల్లంత చుట్టాలతోని నిండి ఉండగ, ఆయన భార్య నా పక్కకొచ్చి కూసున్నది.

"వదినె, ఆయన కట్టె మీ బియ్యం డ్రమ్ము ఎనుక ఉన్నదట గదా."

"ఆయనకు ఎట్ల ఎరుక?"

"పదిరోజుల కింద మీ ఇంట్ల చాయకొచ్చినప్పుడు చూసిండట. అడుగరాదా అంటే, 'అక్క నవ్వులాటకు దాచింది, అడిగితే చిన్నబుచ్చుకుంటది, ఆమెనే ఇయ్యనీ' అన్నడు. మొన్న ఆదివారం ఇంటికొచ్చినంక అన్నం తినలే. రెండు రోజులు పైకి చూసుకుంటనే ఉన్నడు. మంగళారం లేచి 'మర్యాద చాలు, ఇయ్యాల అడుగుత' అని చాయ పెట్టించుకున్నడు."

జోడీదారు చెయ్యి పట్టుకోనందుకు ఒక జన్మంత బాధపడ్డ మనిషి, నా ముందుకొచ్చేసరికి మళ్ళ మర్యాదకే పోయిండు. ఆ సగం చాయ గ్లాసు నా వల్లనే మిగిలింది అని నేను అనను; గుండెకు దాని లెక్క దానికి ఉంటది. కానీ ఆ రెండు రోజుల అన్నం నా వల్లనే మిగిలింది.

గురువారం పట్టపగలు, కట్టె పట్టుకొని గదికి పోయిన. తలుపు బార్లా తెరిచి, గడప మీద నిలవడి పైకి కొట్టిన. ఖణ్. ఒక అడుగు వేసి కొట్టిన. ఖణ్. సంగీతం పంతులు మూడు వారాలలో "అమ్మా, నీకు చెవి లేదు" అని పంపేసిన మనిషిని నేను. నాలుగో అడుగుకు నాకే తెలిసింది. సప్పుడు మారింది. ఇంకొంచెం కట్టె చాపి మూల దిక్కు కొడితే, ఇంటి పెరట్ల బోర్లించిన పగులు కుండను కొట్టినట్టు పలికింది. నా చెయ్యి దానంతట అదే కిందికి దిగింది.

అప్పుడు కుర్చీ చూసిన.

ఆయన కుర్చీ ఆదివారం వదిలిపెట్టిన జాగలనే ఉన్నది. కూసునే బేతు మధ్యలో తెగి కిందికి వేలాడుతున్నది. దాంట్ల దోసిట్ల పట్టేటంత స్లాబు ముక్క, ఒక అంచుకు తుప్పు మరక. ఎప్పుడు పడ్డదో, ఏ సప్పుడు చేసిందో, వినేటందుకు ఎవలు లేరు. పైన ఆ జాగల ఎర్రబడ్డ ఇనుప చువ్వ ఒకటి పక్కటెముకలెక్క బయటికి కనబడుతున్నది. ఆదివారం మనం ఫోటో పెట్టి, దండ వేసి, చుట్టూ పిల్లలను నిలవెడుదామనుకున్నది సరిగ్గ దాని కిందనే.

కుర్చీ వెనుక అలమర. పాత వారపత్రికల నుంచి సీరియళ్ళు కత్తిరించి, మైదా అంటుతోని అతికించి, గోనె దారంతోని ఆయన కుట్టిన సంపుటాలన్నీ దాంట్లనే. కింది అరలో ఆ రెక్కల పాము కథ మూడో భాగం, నేను బస్సుల చదివిన ప్రతి, తర్వాత ఆయనకిచ్చేసింది. దాని అట్ట వీపు నాకు కనబడుతున్నది. నాలుగడుగులు. పట్టుకొని వచ్చేటందుకు నాలుగు క్షణాలు. ఒక కాలు ముందుకు వేసిన కూడ.

సరిగ్గ అప్పుడు ఉప్పు చల్లినట్టు, సన్నగ, పుస్తకాల మీద ఏదో రాలింది. ఆగింది. మళ్ళ రాలింది.

కొత్త అన్నం డబ్బా గుర్తుకొచ్చింది. వెనుకకు తిరుగకుండ, గడప దాకా అట్లనే అడుగులు వెనుకకు వేసుకుంట వచ్చి తాళం వేసిన.

పుస్తకాల సంగతి ఏందని మీలో కొందరు ఇప్పటికే గ్రూపులో అడుగుతరని ఎరుకే. తడుస్తయి, చెదలు పడుతయి, ఎంత కష్టపడి కూడబెట్టిండు అంటరు. నిజమే. ఆయన కుట్టిన పుస్తకాల కోసం మీ పిల్లలలో ఒక్కరు ఆ మూలకు పోతే, ఆ మనిషి పోయిన ఆదివారం అక్కడ కూసున్నదంత వృథా అయితది. పుస్తకాలు ఆగుతయి. ఆగకుంటే పోతయి.

ఇగ నా మనుమరాలికి నాలుగు ముక్కలు, అందరి ముందరనే, ఎందుకంటే విడిగా చెప్తే "సరే అమ్మమ్మా" అని మరిచిపోతది.

బిడ్డా, ముందు ఆ మెసేజీ మార్చు. సభ ఆయన ఇంటి ముందర, అరుగు కాడ. పైన ఏమీ లేకుండ. వాన పడితే తడుద్దాం. చాపల కోసం గదికి పోవద్దు, ఆటో తమ్ముణ్ణి తన టార్పాలిన్ తెమ్మను. దుకాణం నుంచి వచ్చేటప్పుడు మీటరు ఎర్రగుడ్డ తీసుకొని గది గొళ్ళేనికి కట్టు. ఒక అట్ట మీద "లోపలికి పోవద్దు" అని పెద్దగ రాయి. బొమ్మ వేయకు, చమత్కారం రాయకు. కింద సన్నటి చుక్కలు మాత్రం పెట్టు, మనోళ్ళకు అర్థమైతది.

గది పెద్దాయనకు ఫోన్ చేసిన. సోమవారం పొద్దున మేస్త్రీని పంపుతానన్నడు. నాకు మోకాళ్ళు సహకరించవు, నువ్వే తాళంచెవి తీసుకొని పో. కట్టె ఇప్పుడు బియ్యం డ్రమ్ము వెనుక లేదు, మన తలుపు పక్కన గోడకు ఆనించిన. అది మేస్త్రీ చేతికియ్యి. గడప మీద నిలవడి ముందు పైకి కొట్టమను, విన్నంకనే అడుగు వేయమను. "ఇదేం పిచ్చి అమ్మా" అని అతను నవ్వుతడు. నవ్వనీ. నవ్వుకుంట లోపలికి పోబోతే, పెద్దమనిషి, బాగుండదు అని చూడకు.

చెయ్యి పట్టుకో.